బంగినపల్లి గడ్డిలో వేస్తే ముచ్చిక దగ్గర నల్లబడి కుళ్లిపోతోంది, తప్పెక్కడ?

గట్టుమీద_మామిడి

నూజివీడు దగ్గర ఎర్రనేల, ఎకరంన్నర తోట. 10 మీటర్ల ఎడంలో 58 చెట్లు: 40 బంగినపల్లి, 12 చిన్న రసం, మిగిలిన 6 చెరుకు రసం, కొత్తపల్లి కొబ్బరి. చెట్ల వయసు 18 ఏళ్లు.

మే 6న బంగినపల్లి మొదటి కోత, సుమారు 400 కిలోలు. అందినవి చేత్తో మెలిపెట్టి, అందనివి చిక్కంతో దింపాం. తొడిమలు చాలావాటికి అప్పుడే ఊడిపోయాయి. చెట్టు కింద కుప్పలు పోసి, మధ్యాహ్నం ట్రాలీలో రేకుల షెడ్డుకి చేర్చాం. అడుగున అర అడుగు వరిగడ్డి, దాని మీద నాలుగు వరసల కాయ, పైన మళ్లీ గడ్డి, అంతా కలిపి టార్పాలిన్ కప్పి అంచులకు రాళ్లు పెట్టాం.

అయిదో రోజు తీసి చూస్తే కాయ నాలుగు రకాలుగా ఉంది. కొన్నిటికి ముచ్చిక చుట్టూ రూపాయి బిళ్లంత నలుపు, నొక్కితే లోపలికి దిగిపోతోంది. కొన్ని తోలు పచ్చగానే ఉండి లోపల మెత్తబడి పులిసిన వాసన వస్తున్నాయి. కొన్ని ముడతలు పడి రబ్బరులా ఉన్నాయి, కోస్తే తెల్లగా, పుల్లగా. ఇంకొన్నిట్లో పురుగు. బాగున్నవి సగం కూడా లేవు.

పట్నంలో తెలిసిన ఇళ్లకు నేరుగా ఇస్తాం కాబట్టి కార్బైడ్ జోలికి వెళ్లం. ఇంకా రెండు కోతల కాయ చెట్ల మీద ఉంది. ఎక్కడ సరిచేసుకోవాలో తెలిసినవాళ్లు చెప్పండి.

రసాలపల్లకి

అన్నా, నాలుగు రకాలూ నాలుగు వేర్వేరు తప్పులు. వాటిలో మూడు కాయ గడ్డిలోకి చేరకముందే జరిగిపోయాయి. ముందు ముడతల కాయ సంగతి చెబుతా, ఎక్కువ నష్టం దానివల్లే.

ముడతపడి రబ్బరులా అయ్యిందంటే అది లేత కాయ. మామిడి చెట్టు మీద ఉన్నంతకాలం పిండిపదార్థం పోగుచేసుకుంటుంది. కోశాక ఆ పిండే తీపిగా మారుతుంది. పిండి చేరకముందే కోస్తే మారడానికి లోపల ఏమీ ఉండదు. గడ్డిలో వేసినా, గ్యాస్ పెట్టినా నీరు ఆరిపోయి ముడతపడటమే తప్ప తీపి రాదు.

ఒకే చెట్టు మీద లేతా ముదురూ కలిసి ఎందుకుంటాయంటే, పూత ఒక్కసారి రాదు. డిసెంబరు చివర ఒక విడత, జనవరి చివరో ఫిబ్రవరిలోనో ఇంకో విడత వస్తుంది. ఆ రెండు విడతల కాయకీ మధ్య మూడు నాలుగు వారాల తేడా. సైజు చూసి కోస్తే మోసపోతాం. ఎండ తగిలే దక్షిణం వైపు కాయ ముందు ముదురుతుంది, గుబురు లోపలిది ఆలస్యం. చెట్టంతా ఒకేరోజు దులిపేయకుండా ఎనిమిది పది రోజుల ఎడంతో రెండు మూడు దఫాలుగా దింపుకోవాలి.

ముదిరిన బంగినపల్లి గుర్తు ముచ్చిక దగ్గరే ఉంటుంది. లేత కాయకి తొడిమ నుంచి భుజాలు కిందికి జారినట్టు ఉంటాయి. ముదిరేకొద్దీ భుజాలు పైకి ఉబ్బి, తొడిమ మొదలు చిన్న గుంటలో కూర్చున్నట్టు అవుతుంది. వేలి కొసతో తడిమినా ఆ గుంట తెలుస్తుంది. ముదురాకుపచ్చ తగ్గి తోలు కాస్త లేతరంగుకి తిరుగుతుంది, తోలు మీది చుక్కలు స్పష్టంగా తేలతాయి.

ఇది చూసుకున్నాక కూడా ప్రతి పది చెట్లకీ రెండు కాయలు కోసి లోపల చూడండి. టెంక కత్తికి గట్టిగా అడ్డం తగలాలి, టెంకని ఆనుకున్న గుజ్జు లేత పసుపు తిరిగి ఉండాలి. గుజ్జు మొత్తం పాలలా తెల్లగా ఉంటే ఇంకో వారం ఆగాలి. టెంక ముదిరింది కదా అని మాత్రం కోసేయొద్దు. టెంక ముందు గట్టిపడుతుంది, గుజ్జు రంగు తర్వాత తిరుగుతుంది. ఆ మధ్యలో ఉన్నది ఆవకాయకి సరైన కాయ, పండుకి కాదు.

కోశాక అనుమానం ఉంటే బకెట్ నీళ్లలో వేయండి. మునిగింది ముదురు, తేలింది లేత. తేలినవాటిని గడ్డిలోకి పంపకుండా పచ్చళ్లకి వేరు చేసేస్తే మీ సమస్యలో మూడో వంతు అక్కడే తీరిపోతుంది. కొన్ని ముదురు కాయలు పురుగు తొలిచిన ఖాళీ వల్ల కూడా తేలతాయి. ఎలాగూ అవీ గడ్డిలోకి వెళ్లకూడనివే.

సొనమరక

ముచ్చిక నలుపు గురించి. దీన్ని తొడిమ కుళ్లు అంటారు. ఈ బూజు చెట్టు మీది ఎండుపుల్లల్లో ఉంటుంది. తొడిమ ఊడిన చోట పచ్చి గాయం ఉంటుంది కదా, అదే దానికి దారి. మన మే నెల వేడికి రెండు మూడు రోజుల్లోనే ముచ్చిక చుట్టూ వలయంలా నల్లబడి లోపలికి దిగుతుంది. మీరు మెలిపెట్టి లాగడంతో తొడిమ మొదలంటా ఊడి గాయం పెద్దదైంది.

అందిన కాయలకి చిన్న కొమ్మ కత్తెర వాడండి. తొడిమ 8 నుంచి 10 సెంటీమీటర్లు, అంటే బెత్తెడు, కాయకి ఉండేలా కత్తిరించాలి. అందనివాటికి చిక్కం మూతి దగ్గర బ్లేడు ఉన్నది తీసుకోండి. బ్లేడు లేని చిక్కంతో లాగితే తొడిమ ఊడటం, పక్క కాయలు రాలటం రెండూ జరుగుతాయి.

పొడవు తొడిమ ఉంచేది సొన కోసం కూడా. తొడిమ మొదట్లో విరగ్గానే మొదటి కొద్ది సెకన్లలో చిమ్మే సొన బాగా ఘాటుగా ఉంటుంది. అది తోలు మీద ధారలా కారి, కారిన మేర గోధుమరంగు మచ్చ కాలుతుంది. మొదటిరోజు కనపడదు, పండు పసుపెక్కేసరికి నల్లచారగా తేలుతుంది. ఆ చారలోనే బూజు పడుతుంది.

నీడకి చేర్చాక తొడిమని అర సెంటీమీటరు, సెంటీమీటరుకి కుదించి కాయని వెంటనే తలకిందులుగా పెట్టాలి. సొన నేలమీదికి పడాలి, కాయ మీదికి కాదు. రెండు ఇటుకల మధ్య వెదురు దబ్బలు పేర్చి వాటి సందుల్లో కాయల్ని బోర్లిస్తే చాలు. లేదంటే పాత నవ్వారు మంచం ఇంతకంటే బాగుంటుంది. రెండు గంటలు, వీలైతే నాలుగు గంటలు వదిలేయాలి. నేలమీద మట్టిలో బోర్లించొద్దు, మట్టిలోని బూజు తడి ముచ్చికకి అంటుకుంటుంది.

అప్పటికే సొన కారిన కాయల్ని 20 లీటర్ల నీళ్లకి 100 గ్రాముల సున్నం కలిపిన తేటలో కడిగి, మంచినీళ్లలో తీసి ఆరబెట్టాలి. మచ్చ పడకముందే కడగాలి. మర్నాడు కడిగితే ఉపయోగం లేదు.

ఇంకొక మాట. వాన పడిన రోజు, ఆ మర్నాడు కోత పెట్టుకోవద్దు. కాయ నీరు పీల్చుకుని ఉంటుంది, సొన ఎక్కువ చిమ్ముతుంది, చుక్కల దగ్గర తోలు నల్లబడుతుంది.

జగిత్యాల_తోట

మా దిక్కు కూడా రేకుల షెడ్లతోనే ఈ బాధ. పచ్చగానే ఉండి లోపల మెత్తబడ్డదంటే వేడి ఎక్కువైందన్నట్టు. మామిడి మాగడానికి 20 నుంచి 25 డిగ్రీలు బాగుంటది. 30 దాటినకొద్దీ గుజ్జు మెత్తబడుడు ఆగదు గానీ, తోలులోని పచ్చదనం పోయి పసుపు ఎక్కుడు మందగిస్తది. రేకుల కింద మే నెల మధ్యాహ్నం బయటికంటే ఎక్కువ ఉడుకు. మీదికెళ్లి టార్పాలిన్. గాలి ఆడక కాయ ఊపిరి లోపలనే నిలిచింది, అందుకే పులిసిన వాసన.

25 డిగ్రీలు ఇంట్ల తేలేము, కానీ 30, 32 దాకా దింపొచ్చు. పెంకుటిల్లు ఉంటే దాని నడిమి గది, లేకపోతే ఉత్తరం వైపు గది చూసుకోండి. షెడ్డే దిక్కైతే రేకుల మీద చిక్కగా సున్నం కొట్టి, తాటాకులో వరిగడ్డో మందంగా పరవండి. కిటికీలకి తడి గోనెపట్టాలు వేలాడదీస్తే చల్లదనం, గాలిల తేమ రెండూ వస్తయి. తడి గాలికే ఉండాలె, గడ్డికి తగలొద్దు. నిరుటి గడ్డి బూజు వాసన వస్తుంటే ఎండలో రెండు దినాలు ఆరబోసి దులిపి వాడండి. నల్లబడ్డ గడ్డి అసలే వద్దు.

అడుగున 4 అంగుళాల గడ్డి చాలు. కాయల్ని ముచ్చిక కిందికి వచ్చేటట్టు పేర్చాలె. బంగినపల్లి మూడు వరసలు, చిన్న రసం రెండే. రసాలకి తోలు పల్చన, పై బరువుకి అడుగువి చితుకుతయి. వరసకీ వరసకీ నడుమ పల్చగా గడ్డి, పైన 3 అంగుళాలు, దాని మీద గోనెపట్టా. ప్లాస్టిక్ పట్టా, యూరియా సంచులు ఏవీ కప్పొద్దు. ఒక్కటే పెద్ద కుప్ప కాకుండా 100 కిలోలకి ఒకటి చొప్పున వేరువేరు కుప్పలు పెడితే నడుమ వేడి నిలవది.

మూడో దినం పొద్దుగాల తెరిచి చూడాలె, ఇది తప్పదు. పండిన కాయ నుంచి ఇథిలీన్ వాయువు వస్తది, అది పక్క కాయల్ని కూడా పండేటట్టు చేస్తది. మెత్తబడ్డది ఒక్కటి కుప్పలో మిగిలినా చుట్టున్న పది కాయలు ఒక్కసారి పండుతయి, కుళ్లింది ఉంటే అవీ కుళ్లుతయి. అక్కడినుంచి రోజూ ఒకసారి ఏరుకోవాలె. చిన్న రసం మూడు నాలుగు దినాలు, బంగినపల్లి అయిదు నుంచి ఏడు.

రసాలు పసుపు తిరిగేదాకా చూస్తే పాడైతయి. పండినా పచ్చదనం కొంత మిగిలే ఉంటది. భుజం దగ్గర బొటనవేలితో మెల్లగా ఒత్తితే దిగుడు, ముక్కుకి వాసన తగులుడు, ఈ రెండే గురుతు.

గట్టుమీద_మామిడి

ముగ్గురికీ చాలా థాంక్స్ అండీ. కాయ నీళ్లలో వేసి చూశాను, మిగిలిన పచ్చివాటిలో మూడో వంతు తేలాయి. షెడ్డు వదిలేసి ఇంటి నడిమి గదికి మారుస్తాం.

రెండు సందేహాలు. పురుగు గడ్డిలోంచి పట్టిందా? ఇంకోటి, తెలిసినాయన ఒకరు ఎథ్రెల్ నీళ్లలో ముంచితే అన్నీ ఒకేసారి పండుతాయి, కార్బైడ్ కాదు కాబట్టి ఇబ్బంది లేదంటున్నారు. వాడొచ్చా?

రసాలపల్లకి

ముంచొద్దన్నా. ఎథ్రెల్‌లో ఉండే ఎథెఫాన్ నుంచి ఇథిలీన్ వాయువు పుడుతుంది. ఆ వాయువుతో మాగబెట్టడానికి ఎఫ్‌ఎస్‌ఎస్‌ఏఐ (దేశ ఆహార భద్రత సంస్థ) అనుమతి ఉంది, 100 పీపీఎం వరకు, అంటే పది లక్షల వంతుల గాలిలో వంద వంతులు. మందు మాత్రం కాయకి నేరుగా తగలకూడదు. ముంచడం, కాయల మీద చల్లడం రెండూ తప్పే. కార్బైడ్ సరేసరి, 2011 ఆహార భద్రత నిబంధనల్లోనే దానితో మాగబెట్టిన పండ్ల అమ్మకాన్ని నిషేధించారు. దానిలో ఆర్సెనిక్, ఫాస్ఫరస్ జాడలు ఉంటాయి, తడి తగిలితే వచ్చే ఎసిటిలీన్‌తో పాటు అవీ బయటికొస్తాయి.

ఒకేరోజు ఆర్డర్లు ఇవ్వాల్సి వస్తే పండ్లకి అమ్మే ఇథిలీన్ పొట్లాలు వాడుకోండి. చిల్లులున్న చిన్న ప్లాస్టిక్ డబ్బాలో పొట్లం పెట్టి కాయల మధ్య ఉంచాలి, పొడి కాయకి అంటకూడదు. ఎన్ని కిలోలకి ఒకటో పొట్లం మీదే ఉంటుంది, అంతకు మించొద్దు. 24 గంటలయ్యాక తీసేసి గదికి గాలి తగలనివ్వాలి.

మీది 400 కిలోల కోత, ఇళ్లకే ఇస్తారు. నన్నడిగితే పొట్లం కూడా అక్కర్లేదు. ప్రతి కుప్పలో చెట్టు మీదే పండిన కాయలు నాలుగు వేయండి, పని అదే అవుతుంది. పండ్లు రెండు మూడు రోజుల తేడాతో వస్తే ఇంటివాళ్లకీ మంచిదే, అయిదు కిలోలు ఒకేరోజు పండితే ఎవరు తింటారు? పెట్టెలో సగం పండు, సగం దోరకాయ వేసి, దోరవి బియ్యం డబ్బాలో పెట్టుకోమని చెప్పి ఇవ్వండి.

సొనమరక

పురుగు గడ్డిలోంచి రాలేదు, చెట్టు మీదే పండుఈగ గుడ్డు పెట్టింది. కాయ ముదిరే దశలో ఆడ ఈగ తోలు కింద రెండు మూడు మిల్లీమీటర్ల లోతున సూదిలాంటి కొనతో గుచ్చి గుడ్లు దించుతుంది. కోసిన రోజు ఆవగింజంత చుక్క తప్ప ఏమీ కనపడదు. గుడ్డు రెండు మూడు రోజుల్లో పగులుతుంది, ఆ తర్వాత వారం పది రోజులు పురుగు గుజ్జు తింటుంది. మనం మాగబెట్టే వారమూ అదే కాబట్టి గడ్డిలో పట్టినట్టు అనిపిస్తుంది. ఎండలో కాయని తిప్పి చూస్తే ఆ గుచ్చిన చుక్క దగ్గర చిన్న జిగురు బొట్టు ఆరి మెరుస్తూ ఉంటుంది. కోసేటప్పుడే అలాంటివి వేరు చేయండి.

ఇప్పుడు చేయగలిగింది, రాలిన కాయల్ని ఏ రోజుకారోజు ఏరి రెండడుగుల లోతున పూడ్చడం. గట్టు మీద పారబోస్తే పురుగు నేలలోకి దిగి కోశమై, మళ్లీ ఈగై వస్తుంది. చెట్టు పాదుల్లో పైపైన గొర్రు తోలితే కోశాలు ఎండకి చస్తాయి.

మిథైల్ యూజినాల్ ఎర బుట్టలు ఎకరానికి 4 నుంచి 6, మనిషి ఎత్తులో నీడ కొమ్మకి కట్టండి. మీ తోటకి 8 సరిపోతాయి. వాటిలో మగ ఈగలే పడతాయి. మగవి తగ్గితే ఆడవాటికి జత దొరక్క, పెట్టిన గుడ్లు పురుగులు కావు. అందుకే కోతకి రెండు నెలల ముందే కడితేనే ఫలితం. ఇప్పుడు కడితే ఈ కోతకి పెద్దగా కలిసిరాదు, చివరి కోతకి, వచ్చే ఏటికి పనికొస్తాయి. తొలకరి జల్లు పడగానే ఈగ ఒక్కసారిగా పెరుగుతుంది, కాబట్టి చివరి కోత వానల దాకా సాగదీయొద్దు.

తొడిమ కుళ్లుకి వేడినీళ్లు బాగా పనిచేస్తాయి. 52 డిగ్రీల నీళ్లలో 5 నుంచి 10 నిమిషాలు. ధర్మామీటరు లేకుండా చేయొద్దు, 55 దాటితే తోలు ఉడికి గోధుమరంగు తిరుగుతుంది. 20 లీటర్ల నీళ్లకి 5 కిలోల కాయే వేయండి. ఎక్కువ వేస్తే వేడి ఒక్కసారి పడిపోయి బూజు చావదు. సొన కార్చిన తర్వాతే ముంచాలి, తీశాక నీడలో పూర్తిగా ఆరాకే గడ్డిలో వేయాలి. లేత కాయకి ఈ వేడి పడదు, ముడతపడిపోతుంది. ఈ పది నిమిషాలతో పురుగు గుడ్లు చస్తాయనుకోవద్దు. వాటికి 48 డిగ్రీల్లో గంటసేపు కావాలి, అది ఎగుమతి ప్యాక్‌హౌసుల్లో జరిగే పని, ఇంట్లో అంతసేపు వేడి నిలపడం కష్టం.

జగిత్యాల_తోట

తేలిన కాయ, గాలివానకి రాలిన కాయ కుప్పలు పోసి వదిలేయకండి. రాలినవి నేలకి తగిలిన చోట లోపల నలిగి ఉంటయి, అవి మాగవు. అదే రోజు తొక్క తీసి, నలిగిన భాగం కోసేసి, అర సెంటీమీటరు మందం ముక్కలు చేసి, కిలోకి 50 గ్రాముల ఉప్పు, అర చెంచా పసుపు పట్టించి ఒక రాత్రి ఉంచండి. తెల్లారి నీరు వంచేసి పల్చటి బట్ట మీద ఎండబెట్టాలె. మే ఎండకి మూడు దినాలు. వంచితే పుటుక్కున విరగాలె, వంగుతుంటే ఇంకో దినం. కిలో ముక్కలకి దాదాపు 200 గ్రాముల ఒరుగులు వస్తయి. పప్పులకి ఏడాదంతా పనికొస్తయి, మీ పట్నం ఇళ్లవాళ్లు ఇష్టంగా తీసుకుంటరు.

నీళ్లు కూడా చూసుకోండి. కోతకి రెండు మూడు వారాల ముందు తడి ఆపితే తీపి నిలుస్తది. ఎండగట్టి ఎండగట్టి ఒక్కసారి నిండా పెడితే కాయ పగులుతది, రాలుతది.

సొనమరక

ఒకటి మర్చిపోయాను. కోతలైపోయాక జూన్, జూలైలో ఎండుపుల్లలన్నీ పచ్చి భాగం రెండు మూడు అంగుళాలు కలిపి కత్తిరించి, లీటరు నీళ్లకి 3 గ్రాముల కాపర్ ఆక్సీక్లోరైడ్ అనే బూజు మందు కలిపి పిచికారీ చేయండి. లావు కొమ్మలు కోసిన చోట అదే మందు చిక్కటి ముద్దగా పూయాలి. తొడిమ కుళ్లు బూజు వచ్చే ఏటికి దాచుకునేది ఆ పుల్లల్లోనే. కత్తిరించినవి పొయ్యికి పనికొస్తాయని చెట్టు మొదట్లో పేర్చేవాళ్లున్నారు. ఆ మోపు తోట బయటికి వెళ్లాల్సిందే.